తలిదండ్రులను లోపలికి తీసికొనిపోయిన బోధకుడు

వేదభాగములు: మార్కు 5:35-43, ద్వితీయోపదేశకాండము 22:8, యోహాను 18:20, 1 సమూయేలు 3:11-14



ఈ మాసపు పాఠము ఉపాధ్యాయులను గూర్చియు, వారి చేతిలోని సెల్‌ఫోనును గూర్చియు వ్రాయబడినది. నెల్లిమర్లలోను, చుట్టుపట్ల గుర్ల, డెంకాడ, పూసపాటిరేగ గ్రామములలోను మన సంఘస్థుల బిడ్డలు బడికి పోవుచున్నారు. మన సంఘములలోనే మాష్టార్లు ఉన్నారు, పంతులమ్మలు ఉన్నారు, సాయంకాలము ట్యూషను చెప్పువారు ఉన్నారు, ఆదివారము సండేస్కూలు నడిపించు యౌవనస్థులు ఉన్నారు. కావున ఇది పరుల సంగతి కాదు.

2020 మార్చి మాసములో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినప్పుడు, పాఠములు ఫోనులోనికి వచ్చెను. ప్రతి తరగతికి ఒక వాట్సాపు గ్రూపు ఏర్పడెను. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచిపెట్టెను. బడులు మరల తెరవబడినను ఆ అలవాటు నిలిచిపోయెను. పరీక్షల తేదీలు, హాలుటిక్కెట్టు సంగతి, లెక్కలలో సందేహము, ఉపకారవేతనపు కాగితములు అన్నియు ఫోను మీదనే నడచుచున్నవి. ఇందులో మేలు కలదు, కాదనరాదు. బస్సు తప్పిన పిల్ల ఇంటియొద్దనే పాఠము తెలిసికొనగలదు.

అయితే ఒక మార్పును మనము గమనింపవలెను. ముందు మాష్టారి మాట పిల్లవాని చెవికి చేరునప్పుడు గది తలుపు తెరచియుండెను, ప్రక్కన నలుబదిమంది పిల్లలు కూర్చుండిరి. ఇప్పుడు ఆ మాట రాత్రి పది గంటలకు, దీపము ఆర్పిన తరువాత, దుప్పటిలో వెలుగుచున్న ఫోనులోనికి వచ్చుచున్నది. ఎవరును వినరు, ఎవరును చూడరు. ఇట్టి స్థలములో బోధకుడు ఎట్లు నడుచుకొనవలెను? ఈ ప్రశ్నతో లేఖనములను తెరచుదము.

1. యాయీరు ఇంటిలో

యాయీరు కుమార్తె చనిపోయినదని వర్తమానము తెచ్చినవారు యేసును బోధకుడనియే పేర్కొనిరి. ఆ బోధకుడు ఆ యింట చేసిన పనులను క్రమముగా చూడుడి. మొదట, ఏడ్చుచు, పిమ్మట అపహసించుచున్న జనసమూహమును బయటికి పంపివేసెను. రెండవది, బాలిక తండ్రిని, తల్లిని, పేతురు యాకోబు యోహానులను వెంటబెట్టుకొని ఆమె పరుండిన గదిలోనికి వెళ్లెను. మూడవది, వారి కన్నుల యెదుటనే ఆమె చెయ్యి పట్టి లేపెను. నాలుగవది, జరిగిన దానిని ప్రచురము చేయవద్దని చెప్పి, ఆమెకు ఆహారము పెట్టుడని ఇంటివారికి అప్పగించెను.

ఆ బాలిక వయస్సు పండ్రెండేండ్లని మార్కు వ్రాసెను. మన లెక్కలో ఏడవ తరగతి పిల్ల. ఆమెను బ్రదికించు శక్తి ప్రభువుకు ఒంటరిగా ఉన్నను కలదు. తలిదండ్రుల సహాయము ఆయనకు అవసరము లేదు. ఆయన పవిత్రతకు సాక్షులును అక్కరలేదు. అయినను వారిని లోపలికి తీసికొనిపోయెను. ఆ బిడ్డ తన బిడ్డ కాదనియు, ఆమెను ఇంటివారు తనకు నమ్మి అప్పగించిరనియు ఆయన ఎరుగును.

ఇందులో రెండు పాఠములు ఒకచోటనే కలవు. గుంపును బయట ఉంచెను, తలిదండ్రులను లోపల ఉంచెను. నేటి ఫోను వాడుకలో మనవారు చేయు తప్పులు రెండును దీనికి తలక్రిందులుగా నున్నవి. కొందరు బోధకులు బిడ్డ సంగతిని గుంపు యెదుట పెట్టుదురు: తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాని పేరు గ్రూపులో వేయుదురు, చిరిగిన చొక్కా తొడిగిన పిల్ల ఫోటోను దానము కోరుటకు ఫేస్‌బుక్కులో పెట్టుదురు, తరగతి పిల్లల చేత ఆటపాటలు చేయించి ఇన్‌స్టాగ్రాములో విడుదల చేయుదురు. మరికొందరు తలిదండ్రులను బయట నిలిపి, బిడ్డతో ఒంటరిగా మాటలాడుదురు. మొదటిది బిడ్డ మానమును తీయును. రెండవది బిడ్డ రక్షణను తీసివేయును.

మరుగు వేరు, రహస్యము వేరు. బిడ్డ బాధను ఊరివారి కంటబడకుండ కాపాడుట మరుగు. బిడ్డతో మాటలాడిన దానిని ఆమె తల్లికి కూడ తెలియకుండ దాచుట రహస్యము. ప్రధానయాజకుడు తన బోధను గూర్చి అడిగినప్పుడు, తాను సమాజమందిరములలోను దేవాలయములోను బహిరంగముగా బోధించితిననియు, చాటున చెప్పినదేదియు లేదనియు ప్రభువు ఉత్తరమిచ్చెను. బోధకుడైన ప్రతివాడు అట్టి ఉత్తరము ఇయ్యగలవాడై యుండవలెను.

2. డాబా మీది పిట్టగోడ

క్రొత్త ఇల్లు కట్టువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టింపవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. ఎవడైనను పడిన యెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చునని దానికి కారణము చెప్పబడినది. మన పల్లెలలోను వేసవి రాత్రులలో డాబా మీద పరుండువారికి పిట్టగోడ విలువ తెలియును. గోడ కట్టిన యజమానుని చూచి, వీడు అతిథులను త్రోయవలెనని తలంచుచున్నాడేమో అని ఎవరును అనుమానింపరు. నిద్రమత్తులో ఎవరు ఎటు అడుగువేయుదురో తెలియదు గనుకనే గోడ అవసరము.

కొందరు మంచి ఉపాధ్యాయులు, మా మనస్సు శుద్ధమైనది, మాకు నియమములెందుకు అని అడుగుదురు. గోడ కేవలము దుష్టుని కొరకు కట్టబడలేదు. తండ్రి దూరదేశములో కూలికి పోయిన పిల్ల, తనను దయగా పలుకరించిన మాష్టారి మాటను మరియొక విధముగా తలంచవచ్చును. ఇరువది రెండేండ్ల క్రొత్త మాష్టారు, పదునారేండ్ల విద్యార్థిని మెచ్చుకోలుకు కరగిపోవచ్చును. పాఠముతో మొదలైన మాట భోజనము చేసితివా అని మారి, ఎవరికిని చెప్పకుము అని ముగియుటకు ఎన్నో దినములు పట్టదు. మొదటి మెట్టు మీద చెడు కనబడదు. కావున గోడను మొదటి మెట్టునొద్దనే కట్టవలెను.

గోడ కట్టవలసినవాడు ఎవడు? ఇంటి యజమానుడే గాని అతిథి కాడు. బిడ్డయే ముందు మెసేజి పెట్టినను, బిడ్డయే బతిమాలినను, హద్దును నిలుపు భారము పెద్దవానిదే.

3. ఇది క్రొత్త ప్రమాదము కాదు

సెల్‌ఫోను లేని దినములలో కూడ చదువు చెప్పు నెపముతో ఇంటిలో చొరబడినవారుండిరి. మన విజయనగరమునకు చెందిన గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కము నాటకము 1892లో ఆ పట్టణములోనే మొదట ప్రదర్శింపబడెను. అందులోని గిరీశం, వెంకటేశమునకు చదువు చెప్పుదునని శిష్యుని వెంట అగ్రహారమునకు వచ్చి, ఆ యింటనున్న వితంతువైన బుచ్చమ్మ మనస్సును త్రిప్పుటకు పూనుకొనును. గురువను పేరే అతనికి ఇంటి తలుపు తెరచెను. ఆ నాటకము చూచి మనవారు నేటికిని నవ్వుదురు. అయితే నవ్వు వెనుకనున్న హెచ్చరికను మరువరాదు: గురువునకు ఇచ్చు నమ్మిక గొప్పది గనుకనే దానిని దుర్వినియోగము చేయుట సులభము. గిరీశం కనీసము వీధి గుమ్మములోనుండి నడచి వచ్చెను. నేటివాడు గుమ్మము దాటనక్కరలేదు.

దీని వలన నష్టపోవునది ఎవరు? ఒక ఊరిలో తొమ్మిదవ తరగతి పిల్లకు మాష్టారు రాత్రివేళ మెసేజిలు పెట్టుచున్నాడని బయటపడినదని అనుకొందము. ఇంటివారు మొదట పిల్ల ఫోను లాగుకొందురు. తరువాత బడి మాన్పింతురు. ఆ తరువాత సంబంధము చూచుటకు బయలుదేరుదురు. తప్పు చేసినవాడు బదిలీ మీద వేరొక ఊరికి పోవచ్చును. ఏ తప్పు చేయని పిల్ల చదువు ఆగిపోవును. ఆమె చెల్లెండ్ర చదువు కూడ ఆగవచ్చును. హద్దు అనునది మాష్టారి గౌరవమునకు మాత్రమే సంబంధించినదని తలంచువారు ఈ సంగతిని యోచింపవలెను. పల్లెలో ఆడపిల్ల చదువు ఊరివారి నమ్మకము మీద నిలిచియున్నది.

4. గోడ ఎంత ఎత్తుండవలెను?

గోడ లేకపోవుట ప్రమాదము. తలుపే లేకుండ గోడ కట్టుటయు మేలు కాదు. అమెరికా దేశములోని మిస్సోరి రాష్ట్రమువారు 2011లో ఒక చట్టము చేసిరి. ఉపాధ్యాయులు తమ విద్యార్థులతో ఇతరులకు కనబడని రీతిగా ఇంటర్‌నెట్టు ద్వారా మాటలాడరాదని అందులో ఒక భాగముండెను. ఉపాధ్యాయుల సంఘము న్యాయస్థానమునకు వెళ్లెను. తన బిడ్డయే తన బడిలో చదువుచున్న యెడల ఆ బిడ్డతోనైనను మాటలాడకుండ ఇది అడ్డుపడునను అభ్యంతరము వచ్చెను. అదే సంవత్సరము ఆగస్టులో న్యాయాధిపతి దాని అమలును ఆపెను. పిమ్మట ఆ భాగము తీసివేయబడి, ప్రతి ప్రాంతపు పాఠశాలల మండలి తన నియమములను తానే వ్రాసికొనవలెనని నిర్ణయింపబడెను. 2012లో న్యూయార్కు నగర విద్యాశాఖ మధ్యమార్గము చూపెను: తరగతి పనికొరకు ఉపాధ్యాయుడు వేరుగా పేజీ పెట్టుకొనవచ్చును గాని, తన సొంత పేజీలో విద్యార్థులను స్నేహితులుగా చేర్చుకొనరాదు.

మన పొరుగు రాష్ట్రములోను ఈ పని జరిగినది. 2021 మే మాసములో చెన్నైలోని ఒక పాఠశాలలో ఆన్‌లైను తరగతులు చెప్పుచున్న ఒక ఉపాధ్యాయునిపై ఫిర్యాదులు వచ్చినప్పుడు, ఇట్టి తరగతులను రికార్డు చేసి పరిశీలింపవలెననియు, బడిలోవలెనే మర్యాదగల వస్త్రములు ధరింపవలెననియు తమిళనాడు ప్రభుత్వము చెప్పెను. ఈ నియమములన్నిటిలో ఒకే తలంపు కలదు. పాఠము సాగవలెను, దానిని చూచుటకు మరియొక పెద్ద కన్ను ఉండవలెను.

5. దేశ చట్టము ఏమి చెప్పుచున్నది?

లైంగిక నేరములనుండి బాలలను రక్షించుటకు 2012లో మన దేశములో చేయబడిన చట్టమును పోక్సో అందురు. దానిలో పదునెనిమిది ఏండ్లు నిండనివారందరు బాలలే. కావున ఇంటరు చదువు పిల్లలలో అనేకులు కూడ ఇందులో చేరుదురు. బిడ్డయే ఇష్టపడినదను మాట దాని యెదుట చెల్లదు. లైంగిక దురుద్దేశముతో బిడ్డను నేరుగానైనను, ఫోను మొదలైన సాధనముల ద్వారానైనను మాటిమాటికి వెంబడించుట, సంప్రదించుట నేరము. దానికి మూడేండ్ల వరకు చెరసాలయు జరిమానాయు కలవు. విద్యాసంస్థలోగాని మతసంస్థలోగాని పనిచేయువాడు బిడ్డపై లైంగిక దాడి చేసిన యెడల శిక్ష మరింత కఠినము. మతసంస్థ యను మాటను సంఘ పెద్దలు, సండేస్కూలు బోధకులు గుర్తుంచుకొనవలెను.

నేరము జరిగినదని తెలిసినవాడు పోలీసులకు తెలియజేయవలెను. తెలియజేయనివానికి శిక్ష కలదు. తన క్రింద పనిచేయువాని నేరమును తెలియజేయని సంస్థాధికారికి ఒక సంవత్సరము వరకు చెరసాల విధింపవచ్చును. బాలల సహాయమునకు 1098 అను ఫోను నెంబరు కలదు. ఈ నెంబరును ప్రతి దేవాలయపు గోడమీద వ్రాయించుట మంచిది.

6. బోధకునికి ఆరు నియమములు

ఒకటి: పాఠపు మాటలన్నియు గ్రూపులోనే ఉండవలెను. ఆ గ్రూపులో ప్రధానోపాధ్యాయులుగాని మరియొక పెద్దగాని ఉండవలెను, తలిదండ్రుల నెంబర్లు చేరియుండవలెను.

రెండు: వేళ పాటింపవలెను. రాత్రి ఎనిమిది దాటిన తరువాత పాఠపు మాట ఉదయము వరకు ఆగగలదు.

మూడు: బడిలో చదువుచున్న పిల్లలను సొంత ఫేస్‌బుక్కులోగాని ఇన్‌స్టాగ్రాములోగాని స్నేహితులుగా చేర్చుకొనరాదు. వాట్సాపు, ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము తమంతట తామే పదుమూడేండ్లలోపు వారికి ఖాతా ఇయ్యరాదని నియమము పెట్టుకొన్నవి. యాయీరు కుమార్తె వయస్సు పిల్లకు ఆ ఖాతాయే తగదు. మాష్టారు తన పేజీలో వ్రాయు తగవులను, కులపు ఎత్తిపొడుపులను పిల్లలు చదువుదురని ఎరిగి వ్రాయవలెను.

నాలుగు: తలిదండ్రులను అడుగకుండ బిడ్డ ఫోటో ఎక్కడను పెట్టరాదు. సంఘముల పత్రికలకును ఈ మాట వర్తించును.

ఐదు: చాటుగా కానుకలు ఇయ్యరాదు. పిల్ల ఫోనుకు ఇంటివారికి తెలియకుండ రీచార్జి చేయించుట సహాయముగా కనబడును. అది అప్పు కట్టించు కానుక. సహాయము చేయదలచిన యెడల తల్లి చేతికే ఇయ్యవలెను.

ఆరు: పిల్లలతో జరిగిన మాటలను చెరిపివేయరాదు. చెరుపవలసిన మాట వ్రాయనే రాదు.

ఈ ఆరును మరచినను ఒక పరీక్షను మరువకుడి. మన తల్లులలో అనేకులకు అక్షరములు రావు. వారు ఫోను తెరచి చూచినను ఏమి వ్రాసియున్నదో గ్రహింపలేరు. అందుచేత వారిని మోసగించుట సులభము, మోసగించుట మరింత పాపము. మెసేజి పంపకమునుపు మాష్టారు తన్ను తాను ఇట్లు అడుగవలెను: ఈ మాటను చదువురాని ఈ పిల్ల తల్లియెదుట గట్టిగా చదివి వినిపింపగలనా? వినిపింపగలిగిన యెడల పంపవచ్చును.

7. నడిరాత్రి వచ్చిన మెసేజి

ఒక ప్రశ్న మిగిలియున్నది. నడిరాత్రి ఒక పిల్ల మాష్టారికి ఒంటరిగా మెసేజి పెట్టును. తనకు బలవంతముగా పెండ్లి చేయుచున్నారనియో, పరీక్ష తప్పితిని గనుక చావవలెనని యున్నదనియో వ్రాయును. నియమము చెప్పి ఊరకుండవలెనా? ఊరకుండరాదు. యాయీరు ఇంటికి ప్రభువు వెళ్లకుండ ఉండలేదు, వెళ్లిన విధమును మనము చూచితిమి.

ఉత్తరము వెంటనే ఇయ్యవలెను. నీ మాట విన్నాను, నీవు ఒంటరివి కావు అని చెప్పవలెను. అయితే ఎవరికిని చెప్పనని ప్రమాణము చేయరాదు. నీకు సహాయము చేయుటకు ఇంకొకరిని పిలువవలసియున్నది, ఎవరిని పిలుతును అని అడుగవలెను. వెంటనే తల్లికి ఫోను చేయవలెను. మాష్టారు పురుషుడైన యెడల తోటి పంతులమ్మను, ప్రధానోపాధ్యాయులను కలుపుకొనవలెను. ప్రాణాపాయమున్న యెడల దగ్గరనున్నవారిని ఆ రాత్రియే ఆ యింటికి పంపవలెను. ఆపద ఇంటిలోనే యున్న యెడల, తండ్రియో మామయో ఆ బిడ్డను హింసించుచున్న యెడల, ఇంటివారిని కాదు, 1098ని పిలువవలెను. ఇట్లు మరియొకరిని లోపలికి తెచ్చినవాడు బిడ్డను విడిచిపెట్టినవాడు కాడు. ఒక్క మనుష్యుడు మోయలేని భారమును మోయుటకు తగినవారిని పిలిచినవాడు.

8. ఏలీ ఊరకుండుట

ఏలీ కుమారులు యాజకులై యుండియు దుష్కార్యములు చేసిరి. ఏలీ వారిని మాటతో మందలించెను గాని అడ్డగింపలేదు. తెలిసియు అడ్డగింపనందుకే అతని ఇంటిమీద తీర్పు వచ్చినదని దేవుడు బాలుడైన సమూయేలుతో చెప్పెను. పెద్దలు దాచిన సంగతిని చెప్పుటకు దేవుడు ఒక బాలుని ఏర్పరచుకొనుట మనము గమనింపదగినది.

మన సంఘములలోను ఒక బిడ్డ నోరు తెరచి ఫలానా అన్నయ్య నాకు ఇట్లు మెసేజి పెట్టెను అని చెప్పినప్పుడు, సంఘ పరువు పోవునని నోరు మూయించు పెద్దలు ఏలీ ఆసనమున కూర్చుండియున్నారు. పాస్టరు గారి యింట, పెద్ద మనుష్యుల యెదుట రాజీ చేసి పంపుట చట్టము యెదుట నేరము, దేవుని యెదుట పాపము. బిడ్డ పేరును ఊరిలో ప్రాకనియ్యకుడి. నేరస్థుని సంగతిని మాత్రము అధికారులకు దాచకుడి.

తలిదండ్రులారా, మీకును ఒక మాట. చెప్పిన బిడ్డను కొట్టకుడి, బడి మాన్పింపకుడి. ఒకసారి కొట్టిన యెడల రెండవసారి చెప్పదు. పంతులమ్మల నెంబరు మీ చేతికి వచ్చినదని రాత్రివేళ వారికి ఫోను చేసి విసిగింపకుడి. మాష్టారి ఫోటో తీసి పరిహాసపు వ్రాతలతో పంచుకొను మీ కుమారులను మందలింపుడి. గౌరవము గలిగిన హద్దు ఇరువైపుల నిలువవలెను.

1805లో విశాఖపట్టణము వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అను దొరలు సువార్తతో పాటు బడులను కూడ స్థాపించిరి. నాటినుండి మన ఉత్తరాంధ్ర సంఘములకు బడియు దేవాలయమును ఒకే ఆవరణలో పెరిగిన చెట్లవంటివి. మన తాతలు తమ బిడ్డలను నమ్మి బడికి పంపిరి గనుకనే మనము ఈ పత్రికను చదువగలుగుచున్నాము. ఆ నమ్మికను చెడగొట్టకుండ మన మనుమలకు అందించుట నేటి ఉపాధ్యాయుని పని.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. యేసు ఎవరిని బయటికి పంపెను, ఎవరిని లోపలికి తీసికొనిపోయెను? మన సండేస్కూలులో దీనిని ఎట్లు అనుసరింపవచ్చును?

2. మన సంఘ యౌవనస్థుల వాట్సాపు గ్రూపులో ఏ పెద్దలున్నారు? స్త్రీలలో ఎవరైనను ఉన్నారా?

3. చదువురాని తల్లులకు గ్రూపులోని మాటలను వారమునకొకసారి చదివి వినిపించుటకు స్త్రీల సమాజములో ఎవరు పూనుకొందురు?

4. ఒక బిడ్డ వచ్చి ఫిర్యాదు చెప్పిన యెడల మన సంఘములో ఎవరియొద్దకు పోవలెను? ఆ పేరు పిల్లలందరికి తెలియునా?

ప్రార్థన

చిన్నబిడ్డలను చేరదీసిన ప్రభువా, మా బిడ్డలకు చదువు చెప్పువారిని దీవించుము. వారి నోటిని, వారి చేతి వ్రేళ్లను, వారి రాత్రివేళలను కాపాడుము. నమ్మి అప్పగించిన తలిదండ్రులు సిగ్గుపడకుందురు గాక. చెప్పుకొనలేక యేడ్చు బిడ్డకు వినువారిని దయచేయుము. ఆమేన్.